అమ్మ చీరలు ఎవరికో ఇచ్చి కుట్టించకండి, మీరే కుట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అమ్మగారు పోయి ఏడాది దాటింది, బీరువాలో ఆమె చీరలు అలాగే ఉన్నాయి. బాధ, ఆశ, మళ్లీ చిగురించడం గురించి చెప్పే వస్త్రకళ ఒకటుందని చదివారు. ఆ చీరలతో మెమరీ క్విల్ట్, అంటే పోయినవాళ్ల గుర్తుగా వాళ్ల బట్టలతో కుట్టే బొంత, కుట్టించాలనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఎవరు బాగా చేస్తారు, దానివల్ల మనసు నిజంగా కుదుటపడుతుందా అని అడిగారు.

రెండో దానికే ముందు చెప్తాను. కుదుటపడుతుంది, మీరు సూది పట్టుకుంటే. చీరలు కొరియర్లో పంపి, ఫోన్లో డిజైన్ ఎంచుకుని, ప్యాక్ చేసి తిరిగొచ్చిన క్విల్ట్‌ను విప్పి చూసుకోవడం వల్ల కాదు. అదీ మంచి వస్తువే, చలికి కప్పుకోవచ్చు. మీరు అడిగిన పని మాత్రం దానివల్ల కాదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే మా ఇంట్లో జరిగింది కళ్లారా చూశాను కాబట్టి.

2021 మేలో కరోనా రెండో వేవ్‌లో మా మరిది పోయాడు. ఆటో నడిపేవాడు. మేం సైదాబాద్ వైపు ఉంటాం, కింద అత్తమ్మ, మరిది వాళ్లు, పైన మేము. హాస్పిటల్ వాళ్లు మనిషిని సరిగ్గా చూడనివ్వలేదు. నిలువునా చుట్టేసి, అంబులెన్సులోంచే అటు శ్మశానానికి పంపేశారు. మా చేతికి ఇచ్చిందల్లా ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఖాకీ అంగీ, బనీను, లుంగీ, ఒక తువ్వాల. సంచి మీద పేరు కూడా తప్పు రాశారు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లకు అలాంటి సంచులు వచ్చుంటాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

దినాలు అయ్యాక చుట్టాలు మొదలుపెట్టారు. పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచొద్దు, ఎవలకన్న ఇచ్చెయ్యుండ్రి, లేకుంటే మూసీల ఇడిసిపెట్టుండ్రి అని. అత్తమ్మ ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. "ఉతికిన, ఎండలేసిన. ఇగ ఏం దోషముంటది?" అని సంచిని మంచం కిందకి తోసింది. అప్పటిదాకా ఆమె ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఒక్కసారి బోరున ఏడిస్తే బాగుండునని మేమంతా ఎదురుచూశాం. రోజూ పొద్దున ఆ అంగీ తీయడం, మడతపెట్టడం, మళ్లీ లోపల పెట్టడం. అన్నం ముందు పెడితే తినేది, టీవీ పెడితే చూసేది. అంతే.

ఈ చుట్టాల మాట మీద నాకున్న కోపం ఇక్కడే చెప్పుకోవాలి. పుట్టిన బిడ్డను మన ఇళ్లలో దేంట్లో చుడతాం? కొత్త బట్ట తెస్తామా? అమ్మమ్మదో నానమ్మదో మెత్తబడిన పాత నూలు చీర చించి పొత్తిగుడ్డలు చేస్తాం. ఆ అమ్మమ్మ పోయినావిడ అయినా సరే, ఆవిడ చీర ముక్క దొరికితే ఇంకా సంతోషపడతాం. బిడ్డ ఒంటికి తగలడానికి పనికొచ్చిన బట్ట తల్లి చేతిలో ఉంటే దోషమెలా అవుతుంది? నమ్మకాలను నేను తప్పుపట్టను, మా ఇంట్లోనూ అన్నీ పాటిస్తాం. కడుపుకోతలో ఉన్న తల్లి చేతిలోంచి కొడుకు అంగీ లాక్కోమని చెప్పే పెద్దరికాన్ని మాత్రం ఒప్పుకోను.

వానలు పడటం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నేను కిందకి దిగేసరికి అత్తమ్మ హాల్లో సామానంతా పక్కకి జరిపి, తన పాత నూలు చీర నేల మీద పరిచి ఉంది. నాలుగు మూలలా బరువులు: రెండు ఇటుకలు, రోలు పొత్రం, నిండుగా ఉన్న కందిపప్పు డబ్బా. "గా కొస పట్టు బిడ్డా, ముడత రావొద్దు" అంది. చౌటుప్పల్ దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. బొంత కుట్టడం ఆమెకు ఒకరు నేర్పిన విద్య కాదు, చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్న పని. పట్నం వచ్చాక ఎన్నేళ్లుగానో మానేసింది.

కింద ఒక చీర రెండు మడతలు. దాని మీద మరిది లుంగీలు, మరిది కూతురి పాత స్కూల్ డ్రెస్సు, చిరిగిన లంగాలు, తువ్వాలలు పరిచి సమం చేసింది. పైన ఇంకో చీర. ముందు పొడుగు టాకాలు వేసి పొరలన్నీ కదలకుండా పట్టించింది. తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి, వేలెడు వేలెడు ఎడంతో చుట్లు చుట్లుగా లోపలికి వస్తూ చెయ్యి కుట్టు. మధ్యలోకి వచ్చేసరికి బొంత పూర్తవుతుంది. ముడి ఎక్కడా పైకి కనిపించకూడదు, రెండు పొరల నడుమకి లాగెయ్యాలి. మా తోడికోడలు ఒకవైపు, నేను ఒకవైపు కూర్చున్నాం. పక్కింటి ఆపా, అంటే అక్క, రోజూ వచ్చేది. ఆమె ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది, పెళ్లి బ్లౌజులకి జర్దోసీ. నేను దారం మూరెడు మించి తీస్తుంటే చూసి "ఇత్నా లంబా ధాగా నక్కో అమ్మా, ఉలఝ్ జాతా" అని, అంత పొడుగు దారమైతే చిక్కుపడుతుందని, సగానికి తెంపేసింది. దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగి ఇచ్చింది, ఇక చిక్కుపడితే ఒట్టు.

ఆపా గురించి ఒక్క మాట. హైదరాబాద్‌లో పెళ్లి బ్లౌజు వెనకాల నెమలి చూసి మురిసిపోయే వాళ్లందరికీ చెప్తున్నా. ఆ నెమలికి కళ్లు పోగొట్టుకునే ఆడవాళ్లకి ముక్కకింతని అందే డబ్బు ఎంతో నాకు తెలుసు, షాపులో బిల్లు మీద పడే అంకె ఎంతో కూడా నేను చూశాను. రెంటికీ నడుమ ఉన్న తేడా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. బట్టకు, బాధకు సంబంధం గురించి మాట్లాడుకునేటప్పుడు దీన్ని వదిలేసి మాట్లాడటం నాకు చేతకాదు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యల వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం మనం.

సరే, బొంత దగ్గరికి వస్తాను. కుట్టేటప్పుడు ఎవరి మొహంలోకి ఎవరూ చూడక్కర్లేదు, అందరి కళ్లూ సూది మీదే ఉంటాయి. అందుకే నోట్లోంచి మాట వస్తుంది. ఓదార్చడానికి ఎదురుగా కూర్చుని "ఏమైంది, ఎలా ఉన్నావ్" అంటే ఎవరు చెప్తారు? ఆపా వాళ్ల నాన్న కూడా అదే నెలలో పోయారని మాకు అప్పుడే తెలిసింది, గోడకు గోడ ఇల్లయి ఉండి కూడా. సూది గుచ్చుతూ, తీస్తూ, మామూలు మాటలాగా చెప్పింది. మా తోడికోడలు, చివరి రోజు ఫోన్లో మరిది ఏమన్నాడో మొదటిసారి అక్కడే నోరు విప్పింది.

ఇక ఖాకీ అంగీ వంతు వచ్చింది. అత్తమ్మ బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది, ముందు కాలరు, తర్వాత చేతులు. జేబు దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఏంటా అని వంగి చూశాను. జేబు కింది మూల ఎప్పుడో చిరిగితే, ఖాకీ మీద నల్లదారంతో అడ్డదిడ్డంగా నాలుగు కుట్లు వేసి ఉంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, చివర వేలి గోరంత ముడి. ఇంట్లో మేమెవరం వేసింది కాదు. స్టాండులో ఆటో ఆపుకుని తనే కుట్టుకున్నట్టున్నాడు, చిల్లర జారిపోతోందని. అత్తమ్మ ఆ ముడిని బొటనవేలితో రుద్దింది. "వీనికి కుట్టు ఎవలు నేర్పిండ్రే? నన్నడిగితె నేను కుట్టియ్యనా?" అంది. ఆ మాటతో కట్ట తెగింది. దీపాలు పెట్టే వేళ దాకా ఏడ్చింది. మేమెవరం ఆపలేదు.

జేబు మాత్రం విప్పనివ్వలేదు. ఆ నాలుగు కుట్లతోనే బొంత మీద పెట్టాలంది, నట్టనడుమ, పైకి కనిపించేలా. తోడికోడలు వద్దంది. "రోజూ పొద్దున లేవగానే అది చూడలేను అత్తమ్మా." "చూడకుండ నేనుండలేను బిడ్డా." ఇద్దరివీ నిజాలే. ఒకే మనిషి పోయినా ఇద్దరికి పోయింది ఒకటి కాదు. రెండు రోజులు బొంత అలాగే నేల మీద ఉండిపోయింది, దాని చుట్టూ తిరుగుతూ వంటలు చేసుకున్నాం. ఆఖరికి తోడికోడలే దారి చూపింది. జేబును బొంత అడుగువైపు వేద్దాం, ఒంటికి తగిలే వైపు. మడిచి పెడితే కనపడదు, కప్పుకుంటే గుండెల మీద ఉంటుంది. అత్తమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. ఆ జేబులో ఇప్పుడు మరిది కూతురు తన పెన్సిల్ ముక్కలు, రబ్బర్లు దాచుకుంటుంది. బొంత దానిదే మరి.

ఆశ అనేది బొంతలో ఎక్కడుందో నాకు ఇక్కడే తెలిసింది. మూలలు కుట్టేటప్పుడు అత్తమ్మ రెండేసి వరసలు వేయించింది, "పిల్ల కాళ్లతోని తన్నుకుంటది, గట్టిగుండాలె" అని. రేపు దాన్ని ఒకరు వాడాలి, ఉతకాలి, మళ్లీ వాడాలి. ఆ లెక్కతో వేసిన కుట్టులోనే ఆశ ఉంది. ఉదయించే సూర్యుడి బొమ్మ, విచ్చుకునే తామర బొమ్మ వేసినంత మాత్రాన అది రాదు.

ఇదేదో మా ఇంటి ముచ్చట మాత్రమే అనుకోకండి. మనిషి శరీరం కూడా దక్కని చోటల్లా ఆడవాళ్లు బట్ట పట్టుకున్నారు. చిలీలో 1973 సెప్టెంబర్ 11న సైన్యం అధికారం లాక్కున్నాక వేలమందిని పట్టుకెళ్లారు, ఎందరో తిరిగి రాలేదు, శవాలూ ఇవ్వలేదు. వాళ్ల తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు శాంటియాగోలో చర్చి నీడన కూర్చుని గోనెగుడ్డ మీద బట్ట ముక్కలు కుట్టారు. పోలీసులు, ఖాళీ కుర్చీలు, అందరూ కలిసి వండుకునే గంజి బాన, వెనకాల ఆండీస్ కొండలు. వాటిని అర్పియేరాలు అంటారు. చాలా వాటిలో కొండల మీద ఎర్రటి సూర్యుడు ఉంటాడు, వాటి మీద నాకేం ఫిర్యాదు లేదు. కింద వీధిలో జరిగిన ఘోరాన్ని పూసగుచ్చినట్టు కుట్టినవాళ్లకి పైన సూర్యుణ్ణి పెట్టుకునే హక్కుంది. ఆ కుట్లు దేశం దాటి అమ్ముడై ఇళ్లలో పొయ్యి వెలిగించాయి, లోపల జరుగుతున్నది బయటి లోకానికి చెప్పాయి.

అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవాళ్లదీ ఇలాంటి కథే. అంత్యక్రియలు చేయించే వాళ్లు కూడా చాలాచోట్ల ఆ శవాలు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్ల స్నేహితులు, తల్లులు ఒక్కొక్కరి పేరున మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు బట్ట కుట్టారు. సమాధి కొలత అది. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో 1,920 ముక్కలు నేల మీద పరిచారు. ఇప్పుడవి దాదాపు 50,000. వాటిలో చొక్కాలున్నాయి, టెడ్డీబేర్లున్నాయి, జీన్సులున్నాయి. మన ఊరి కరోనా మృతులకి, మొహం కూడా చూడకుండా పంపించిన వాళ్లందరికీ, ఇలాంటిది ఒకటి మనం కలిసి కుట్టుకోవాలని నాకు చాలా బలంగా ఉంది. సైదాబాద్ నుంచి ఒకటి, బోరబండ నుంచి ఒకటి, యాకుత్‌పురా నుంచి ఒకటి. పరచడానికి పరేడ్ గ్రౌండ్స్ ఉంది.

అంత దూరం ఎందుకు, బీహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఆడవాళ్లను చూడండి. పాత చీరలు, ధోవతుల పొరల మీద సుజనీ కుట్టులో వరకట్నం, ఇంట్లో తినే దెబ్బలు, ఆడపిల్ల చదువు, అన్నీ బొమ్మలుగా కుట్టారు. నోటితో అంటే ఇల్లు కూలిపోయే మాటలు సూదితో అన్నారు.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? ఆ మధ్య బంజారాహిల్స్‌లో ఒక ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. గోడకు వేలాడదీసిన బట్టలు, టీ డికాక్షన్‌లో ముంచి పాతగా చేసినవి, కత్తెరతో చింపి ఆ చిరుగును బంగారు దారంతో కుట్టినవి. పక్కన కార్డు మీద బాధ, స్వస్థత, పునర్జన్మ అని పెద్దపెద్ద మాటలు. నాకు చాలా కష్టమేసింది. వాడి వాడి చిరిగిన బట్టను బాగుచేసుకునే మనుషులు లక్షల్లో ఉన్న ఊళ్లో, మంచి బట్టను పనిగట్టుకుని చింపి బాధ అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. రెండు గంటల్లో మనసు బాగుచేస్తామని కేఫుల్లో నడిపే కుట్టు వర్క్‌షాపులూ అంతే. రెండు గంటల్లో బొంతకు టాకాలు కూడా పూర్తికావు.

అలాగని చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు ఏమీ చేయలేదని కాదు. దర్గా హుస్సేన్ షావలీ దగ్గర సురయా హసన్ బోస్ గారి నేతశాల గురించి వినే ఉంటారు. హిమ్రూ, మష్రూ, జామావార్ నేతలు మన ఊళ్లో అంతరించిపోకుండా పట్టుకున్న మనిషి. ఆమె మగ్గాల ముందు కూర్చోబెట్టింది వితంతువులను. పిల్లలతో దిక్కుతోచకుండా ఉన్న ఆడవాళ్లకి నేత నేర్పి, ఆ చేతుల మీదే పోతున్న కళను నిలబెట్టారు. 2021లో, మా మరిది పోయిన ఏడాదే, ఆవిడా పోయారు. మష్రూలో పట్టు పైకి కనిపిస్తుంది, ఒంటికి తగిలేది నూలు. కళ మనిషిని నిలబెట్టడమంటే నాకు ఆ నేతశాల గుర్తొస్తుంది. ఆవిడ గోడకి కార్డు తగిలించలేదు, జీతాలిచ్చారు.

ఇప్పుడు మీ చీరల సంగతి. నూలు చీరలే బొంతకు పెట్టండి. పాలిస్టర్ వేస్తే సూది జారుతుంది, పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు, కప్పుకుంటే చెమట పీల్చదు. అమ్మగారి పట్టుచీరలు ముక్కలు చేయకండి. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, పైగా పాత పట్టు మడతల దగ్గర పిగులుతుంది. వాటికి మడతలు మార్చి పెట్టుకోండి, ఒకటి అప్పుడప్పుడు కట్టుకోండి. కొత్త బట్ట ఏదీ మధ్యలో కలపొద్దు. ఉతికినప్పుడు అది కుంచించుకుపోయి పక్కనున్న పాత బట్టను లాగి చింపేస్తుంది. మరకలు పోగొట్టాలని తాపత్రయపడకండి. ఆమె చెయ్యి తుడుచుకున్న కొంగు మీద పసుపు ఉంటే ఉండనివ్వండి. సబ్బు తగిలితే అది ఎర్రబడుతుంది, ఎండలో వేస్తే వెలిసిపోతుంది, అందుకని ఆ చీరను నీళ్లలో జాడించి నీడన ఆరేయండి.

ఒక్కరే కూర్చోకండి. అక్కనో, పిన్నినో, పక్కింటావిడనో పిలవండి. అమ్మను ఎరిగిన వాళ్లయితే మరీ మంచిది, ఒక్కో చీర విప్పినప్పుడు అది ఏ పెళ్లికి కొన్నదో, ఎవరు పెట్టిందో మీకు తెలియని సంగతులు బయటికొస్తాయి.

సూది పట్టడం అసలే రాకపోతే, పల్లెల నుంచి వచ్చి బస్తీల్లో ఉంటున్న పెద్దవాళ్లలో బొంత కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో పనిచేసే ఆమెను, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యను అడగండి, దొరుకుతారు. వాళ్లు చెప్పిన కూలీ ఇవ్వండి, బేరమాడకండి. చీరలు వాళ్ల చేతిలో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోకుండా సెలవు పెట్టి పక్కన కూర్చోండి, అంచు పట్టుకోవడం, దారం ఎక్కించడం మీరు చేయండి. షాపుల్లో మిషన్ మీద వేసేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి.

కొలత ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మించి పెట్టుకోకండి. అంతకన్నా పెద్దదైతే తడిశాక ఇద్దరు పట్టుకున్నా పిండలేరు.